నిర్జనమనే మాట

ఒక చోటు మన మనసుకు శాంతినిచ్చినప్పుడు దానిని పదిమందికి చెప్పవలెనా, లేక తనలోనే దాచుకొనవలెనా? పైకి ఈ ప్రశ్న చాలా చిన్నదిగా తోస్తుంది. అసత్యం, చౌర్యం, హింస వంటి పెద్ద దోషాల ముందు, ఒక జలపాతం పేరు చెప్పడం తప్పా ఒప్పా అన్న విచారణ తీరిక ఉన్నవారి వినోదంగా కనబడవచ్చు. కాని కొన్ని చిన్న ప్రశ్నల వెనుక పెద్ద ప్రశ్నలు నిలిచి ఉంటాయి. నేను ఈ ప్రశ్నను కోరి ఎంచుకొనలేదు. ఒక పిల్లవాని పాదం దీనిని నా ముందుకు తెచ్చింది.

నేను రాయపూరులో ఉంటాను. నా వృత్తి అనువాదం. హిందీలో ఉన్నదాన్ని తెలుగువారికి, తెలుగులో ఉన్నదాన్ని హిందీవారికి అందించడం ముప్పై ఏండ్లుగా నాకు అలవాటైన పని. ఒకచోట ఉన్న మంచి వస్తువు మరొకచోటికి చేరడం మేలు అన్న విశ్వాసం లేనివాడు ఈ పనిలో పది రోజులు నిలువలేడు. అట్టి విశ్వాసంతోనే పదునాలుగు సంవత్సరాల క్రితం నేనొక వ్యాసం వ్రాశాను. రాయపూరుకు తూర్పున ఉన్న కొండలలో ఒక చిన్న జలపాతాన్ని చూచి, ఆ ఆనందం పట్టలేక, ఏ ఊరి దగ్గర బస్సు దిగవలెనో, ఏ చింతచెట్టు దగ్గర ఎడమకు తిరుగవలెనో, ఏ రాతి మీద కూర్చుంటే తుంపర మొగానికి తగులుతుందో, అన్నీ వివరంగా ఒక హిందీ పత్రికలో వ్రాశాను. వ్యాసాన్ని చాలామంది మెచ్చుకొన్నారు. కొందరు వెళ్ళి చూచి వచ్చి ఉత్తరాలు కూడా వ్రాశారు. నేను గర్వపడ్డాను.

మూడేండ్ల తరువాత మళ్ళీ అక్కడికి పోయాను. నేను వర్ణించిన రాయి మీద ఎవరో రంగుతో తమ పేర్లు వ్రాసుకొన్నారు. మడుగులో ప్లాస్టిక్ గ్లాసులు తేలుతున్నవి. ఒడ్డున ఒక పల్లెటూరి ఇల్లాలు తన కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకొని వాడి అరికాలికి ఏదో ఆకుపసరు పిండుతున్నది. నీళ్ళలో పగిలిన సీసా పెంకు గ్రుచ్చుకొన్నదట. ఆమె నన్ను ఏమీ అనలేదు. నేనెవరినో ఆమెకు తెలియదు. ఆ సీసా పగులగొట్టినవాణ్ణి నేను కాను. అయినా ఆ సీసాకు దారి చూపినవాణ్ణి నేనే. ఆనాటినుండి చూచిన చోటును గూర్చి వ్రాయడానికి కలం పట్టితే చేయి ఆగిపోయేది.

గత కార్తికంలో బస్తరుకు వెళ్ళే అవకాశం కలిగింది. రాయపూరు నుండి జగదల్పూరు సుమారు 300 కిలోమీటర్లు. ధమ్తరి, కాంకేర్ దాటిన తరువాత కేశకాల్ ఘాటు మలుపులు ఎక్కితే నేల రంగు, చెట్ల రంగు, మనుష్యుల మాట అన్నీ మారుతాయి. తెలుగువారికి ఆ దారి పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకొంటూ వచ్చింది. జగదల్పూరుకు దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల లోపే కాంగేర్ లోయ మొదలవుతుంది. 200 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని 1982లో జాతీయోద్యానవనంగా ప్రకటించారు. అక్కడ ఉత్తరాదినుండి వచ్చిన సాలవృక్షం, దక్షిణాదినుండి వచ్చిన టేకు ఒకే వాలు మీద కలిసి పెరుగుతాయి. రెండు భాషల సరిహద్దులో బ్రతికే నావంటివానికి ఆ దృశ్యం చుట్టాలను చూచినట్లున్నది.

ఆ లోయ నీరు కూడా మనకు పరాయిది కాదు. కాంగేర్ నది తూర్పుగా ప్రవహించి కొలాబులో కలుస్తుంది. ఆ కొలాబునే మనం శబరి అంటాము. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే కాంగేర్ లోయలో ఒక రాతి మీదినుండి జారిన నీటిబొట్టు కొంతకాలానికి పాపికొండల నడుమనుండి సాగి మన పొలాల కాలువలలోకి వస్తుంది. మనం ఆ జలపాతాలను చూడకముందే వాటి నీరు త్రాగి ఉన్నాము.

మొదటి రోజు అందరివలెనే తీరథ్‌గఢ్ చూచాను. సుమారు 300 అడుగుల ఎత్తునుండి నీరు మెట్లు మెట్లుగా విరిగి పాలనురగవలె దిగుతుంది. ఆ రోజు జనం చాలామంది ఉన్నారు. కాల్చిన మొక్కజొన్న పొత్తుల వాసన, పిల్లల కేకలు, ఫోటోలు తీసుకొనేవారి త్రోపులాట. ఆ జనాన్ని చూచి నేను మొగం చిట్లించలేదని చెప్పలేను. కాని ఒక ముసలాయన తన భార్య చేయి పట్టుకొని మెట్టు మెట్టుకు ఆగుతూ దింపి, క్రిందికి చేరగానే ఇద్దరూ చేతులు జోడించి నిలబడ్డారు. వారిని చూచిన తరువాత నా చిట్లింపుకు నేనే సిగ్గుపడ్డాను. జనం అనే మాట దూరంనుండి చూచినప్పటిది. దగ్గరకు పోతే అక్కడ జనం ఉండదు, మనుష్యులుంటారు.

మరునాడు అటవీశాఖవారి అనుమతి తీసుకొని, లోయ అంచున ఉన్న ఒక పల్లెకు చెందిన ధుర్వా పెద్దాయన వెంట అడవిలోకి నడిచాను. జనం పోని ఒక చిన్న జలపాతం లోపల ఉన్నదని ఆయన ముందురోజు సాయంత్రం చెప్పాడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. భుజాన సొరకాయ బుర్రలో మంచినీళ్ళు, నడుముకు చిన్న కత్తి. నేను ఆయనను దాదా అని పిలిచాను. ఆయన నన్ను బాబూ అన్నాడు. మా ఇద్దరికీ మధ్య భాష హల్బీ కలిసిన హిందీ. ఆయన ఇంటిభాష మాత్రం వేరు. పండితులు దానిని పర్జీ అంటారు. బరో, భట్టాచార్య అనే ఇద్దరు భాషావేత్తలు 1953లో దాని మీద ఒక గ్రంథం ప్రకటించారు. అది ద్రావిడ భాష. ఒక గంట నడిచిన తరువాత ఆయన ఆగి, చెవి ఒగ్గి, తనలో తాను అనుకొన్నట్లు 'నీర్' అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. హిందీలో 'పానీ' అనీ, హల్బీలో ఇంకేదో అనీ వినబోతున్న నా చెవికి మా ఇంటి మాట వినబడింది. అనువాదకుని అవసరం లేకుండా ఒక మాట వేల ఏండ్లుగా ఆ లోయలో నా కోసం కాచుకొని ఉన్నట్లనిపించింది.

అటు తరువాత వెదురుపొదల నడుమ దారి సన్నబడింది. ఆయన వేగంగా నడువలేదు. నేను దగ్గితే ఆగేవాడు. త్రోవకు అడ్డంగా దొర్లిన రాయిని కాలితో ప్రక్కకు నెట్టేవాడు. ఒకచోట నేను ఊతకోసం ఒక కొమ్మను వంచబోతే, చేతితో వారించి, తన కర్రను నాకిచ్చాడు. రెండున్నర గంటల తరువాత చెట్లు తొలగి నీరు కనబడింది.

ఆ జలపాతం పెద్దది కాదు. మూడు నిలువుల ఎత్తుంటుందేమో. నల్లని రాతి మీదినుండి ఒకే పాయగా దిగి, క్రింద ఒక మడుగులో నిలిచి, మళ్ళీ ఏమీ జరుగనట్లు రాళ్ళ నడుమనుండి వెళ్ళిపోతున్నది. పెద్దాయన చెప్పులు విడిచి ఒడ్డున కూర్చున్నాడు. నేను కూడా కూర్చున్నాను. నిశ్శబ్దమంటే శబ్దం లేకపోవడమని నేను అంతవరకు అనుకొన్నాను. అక్కడ నీటిశబ్దం ఒక్క క్షణం ఆగలేదు. ఆకులు రాలుతున్నవి. ఎక్కడో కొండగోరువంక ఈల వేస్తున్నది. అయినా అది నిశ్శబ్దమే. అక్కడి శబ్దాలలో ఏదీ నన్ను పిలువడం లేదు, నానుండి ఏదీ అడుగడం లేదు. మన ఊళ్ళలోని చప్పుడు మనలను అలయించడానికి కారణం దాని ఎక్కువతనం మాత్రమే కాదు. అందులో సగం మనకు ఏదో అమ్మడానికో, మనలను తప్పించుకొమ్మని హెచ్చరించడానికో పుట్టిన చప్పుడు.

చాలాసేపటి తరువాత నేను హిందీలో అన్నాను: "దాదా, ఎంత నిర్జనమైన చోటు!"

ఆయనకు ఆ మాట తెలియలేదు. "నిర్జనమంటే?"

"మనుష్యులు లేని చోటు."

ఆయన నావైపు కొంచెం వింతగా చూచాడు. కోపం లేదు. పరాచికం కూడా కాదు. "మేమున్నాం కదా, బాబూ" అన్నాడు.

తరువాత ఆయన కూర్చున్నచోటినుండే చేయి చాచి చూపాడు. అదుగో ఆ ఇప్పచెట్టు ఫలానా ఇంటివారు ఏరుకొనేది. ఆ వాలులో తునికాకు కోయడానికి ఆడవారు వస్తారు. తొలకరిలో ఆ సాలవృక్షాల క్రింద 'బోడా' అనే పుట్టగొడుగులు నేలను చీల్చుకొని వస్తాయి. ఆ చదునురాయి మీద తన తల్లి తడిసిన బట్టలు ఆరవేసేది. మడుగుకు ఆ చివర చిన్నతనంలో చేపలకు బుట్ట కట్టేవారు. అరగంట క్రితం నాకు ఖాళీగా కనబడిన ఆ చోటు, ఆయన మాట్లాడుతున్నకొద్దీ, సంతరోజున వీధివలె నిండిపోయింది.

నాకు అనువాదంలో ఒక అనుభవం ఉన్నది. అర్థంకాని మాటలు అనువాదకుణ్ణి మోసగించవు. వాటి దగ్గర అతడు ఆగి నిఘంటువు చూస్తాడు, పెద్దలను అడుగుతాడు. హిందీలోను తెలుగులోను ఒకే రూపంలో ఉన్న సంస్కృతపు మాటలే ఎక్కువ మోసగిస్తాయి. వాటిని ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డుకు దాటించడానికి శ్రమ అక్కరలేదు గనుక ఎవ్వరూ మూట విప్పి చూడరు. 'నిర్జన' అట్టి మాట. ఎన్ని కథలలో, ఎన్ని కవితలలో నేను దానిని ఆలోచించకుండా దాటించానో! ఆ మాటకు అర్థం మనుష్యులు లేరని కాదు. మనవంటివారు లేరని మాత్రమే.

అది కేవలం మాటల తప్పు అయితే నిఘంటువు దిద్దుకొని ఊరకుండవచ్చు. కాని చరిత్రలో ఆ మాట పని చేసింది. 1905లో ఆంగ్ల ప్రభుత్వం బస్తరు అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెనని తలపెట్టింది. రిజర్వు అంటే పోడు ఆపడం, వేట ఆపడం, ఆకు అలము ఏరుకొనడం ఆపడం. కాగితం మీద అడవిని నిర్జనం చేసి, తరువాత నేల మీద కూడా చేయడం. రిజర్వు పని మొదట జరిగినది ఈ కాంగేర్ అడవిలోనే. 1910లో భూమ్‌కాల్ అని పిలువబడిన తిరుగుబాటు మొదలైనదీ ఇక్కడి ధుర్వాలతోనే. వారి నాయకులలో ప్రసిద్ధుడైన గుండాధూర్ నేతానార్ గ్రామస్థుడు. సైన్యం వచ్చి పల్లెలు తగులబెట్టి తిరుగుబాటును అణచింది గాని గుండాధూర్ దొరకలేదు. రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని మాత్రం ప్రభుత్వం దాదాపు సగానికి తగ్గించుకొనవలసి వచ్చింది. "మేమున్నాం" అన్న మాటను ఆనాడు వారు ప్రాణాలొడ్డి చెప్పారు. నూరేండ్ల తరువాత ఒక పెద్దాయన అదే మాటను నాతో మెల్లగా చెప్పాడు.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న వేరుగా కనబడసాగింది. అంతవరకు నేను ఇద్దరినే లెక్కపెట్టుకొన్నాను: చోటును చూచిన నేను, చూడని పాఠకుడు. చెబితే పాఠకునికి మేలు, దాచితే నాకు శాంతి. ఈ లెక్కలో మూడవవాడు లేడు. ఆ పిల్లవాడు, పసరు పిండిన ఆ తల్లి నా లెక్కలో లేరు. చెప్పినా దాచినా నేను చోటును నా సొత్తుగానే ఎంచాను. దానం చేసేవాడు, దాచుకొనేవాడు ఇద్దరూ యజమానులే కదా!

ఈ పొరపాటు నా ఒక్కనిది కాదు. ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్ మహాకవి సరస్సుల సీమను గూర్చి ఎన్నో కవితలు వ్రాశాడు. 1810లో ఆ ప్రాంతానికి ఒక మార్గదర్శిని కూడా వ్రాశాడు. అవి చదివిన లోకం ఆ సీమను చూడగోరింది. 1844లో కెండల్ నుండి విండర్మియరు వైపు రైలుమార్గం వేయబోతే ఆ కవియే దాన్ని ఎదిరించి పత్రికకు ఉత్తరాలు వ్రాశాడు. ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించే రుచి క్రమంగా అలవడవలసినదనీ, కార్మికులను బండ్లకెత్తి తెచ్చి దించితే అది అలవడదనీ ఆయన వాదం. 1847లో రైలు వచ్చింది. ఆయన భయంలో నిజం లేకపోలేదు. వేలమంది ఒక్కసారి దిగితే ఏ లోయకైనా ఊపిరి ఆడదు. కాని ఆ వాదంలో ఒక అన్యాయం కూడా ఉన్నది. మరమగ్గాల మోతలో పదిగంటలు పనిచేసేవానికంటె నిశ్శబ్దం ఎవరికి ఎక్కువ అవసరం? రుచి ఉన్నవారికే చోటు అన్నప్పుడు, రుచి అనే పేరుతో ద్వారానికి గడియ వేసినట్లే. తీరథ్‌గఢ్ మెట్లు దిగిన ఆ వృద్ధ దంపతులను నేను ఏ రుచిపరీక్షలో తప్పించగలను?

దాచడం న్యాయం కాదు. అట్లని చెప్పడమే న్యాయమా? మన అల్లసాని పెద్దన ప్రవరుని కథలో దీనికి కొంత సమాధానం ఉన్నదనిపిస్తుంది. ప్రవరుడు గృహస్థు. నిత్యకర్మలు విడిచి పోలేడు. కాని ఇంటికి వచ్చిన సిద్ధుడు తాను చూచిన దేశాలను వర్ణించగా విని, ఆ ఆశను ఆపుకొనలేకపోయాడు. సిద్ధుడు పాదలేపం ఇచ్చాడు. ఒక్క అడుగు నడువకుండా ప్రవరుడు హిమాలయం చేరాడు. మంచుకు లేపం కరిగిపోయింది. నడిచి వచ్చినవానికి తిరిగిపోయే దారి తెలిసి ఉంటుంది. లేపంతో వచ్చినవానికి ఏ చెట్టు తెలియదు, ఏ మలుపు తెలియదు. సిద్ధుడు వర్ణించడం తప్పు కాదు. దారి లేకుండా చేర్చడం తప్పు. పదునాలుగేండ్ల క్రితం నేను నా పాఠకులకు ఇచ్చింది వ్యాసం కాదు, పాదలేపం.

దారిని గూర్చి రాయపూరువారు గర్వంగా చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. 1877లో పదునాలుగేండ్ల నరేంద్రుడు తండ్రి దగ్గరకు రాయపూరు వస్తున్నాడు. ఆనాడు ఈ ఊరికి రైలు లేదు. నాగపూరునుండి ఎడ్లబండిలో, అడవులగుండా, ఎన్నో దినాల ప్రయాణం. రెండు కొండలు దగ్గరపడిన ఒకచోట, కొండచీలికలో పైనుండి క్రిందికి వ్రేలాడుతున్న పెద్ద తేనెతుట్టెను ఆ బాలుడు చూచాడు. ఎంతకాలపు శ్రమ అది అని ఆలోచిస్తూ ఆశ్చర్యంలో మునిగి బాహ్యస్మృతి కోల్పోయాడట. తిరిగి తెలివి వచ్చేసరికి బండి చాలా దూరం సాగిపోయింది. ఆ బాలుడే తరువాత వివేకానందుడైనాడు. అదే కొండను గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దాటేవానికి ఆ తేనెతుట్టె ఎట్లు కనబడుతుంది? ఎద్దు నడక ఆ దర్శనానికి ఆటంకం కాదు, అందులో భాగం. ఒక చోటుకు చేరే దారిని తొలగించితే చోటు దగ్గరకు వస్తుందని మనం భ్రమిస్తాము. నిజానికి చోటులో సగం పోతుంది.

ఇక నా వృత్తిని గూర్చి ఒక మాట. మడుగు ఒడ్డున మేము విన్న ఈల కొండగోరువంకది. ఛత్తీస్‌గఢ్‌కు అది రాష్ట్రపక్షి. మనిషి మాటను స్పష్టంగా పలుకగలదని దానికి పేరు. ఆ పేరే దానికి ప్రాణాంతకమైంది. పలికే పక్షిని పంజరంలో పెట్టుకొనవలెనన్న ఆశతో దానిని పట్టి అమ్మారు. విచిత్రమేమంటే, అడవిలో స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఈ పక్షి మనిషి మాటను గాని, ఇతర పక్షుల కూతను గాని అనుకరించదు. తన జాతిలో ఇరుగుపొరుగు పక్షుల పిలుపులనే నేర్చుకొంటుంది. పంజరంలో, తనవారెవ్వరూ లేనప్పుడే, మన మాట పలుకుతుంది. మనం దాని చాతుర్యమని మెచ్చుకొనేది దాని ఒంటరితనం. ఈనాడు కాంగేర్ లోయలో పల్లె యువకులే 'మైనా మిత్రులు'గా దాని గూళ్ళను కాపాడుతున్నారు.

నేను ఆ పక్షిని తలచుకొన్నప్పుడల్లా నా పనిని తలచుకొంటాను. ఒకచోటి మాటను మరొకచోట పలికించడమే నా బ్రతుకు. మాటను తన ఇరుగుపొరుగుతో సహా తెచ్చానా, లేక పంజరంలో పెట్టి తెచ్చానా? ఒక జలపాతాన్ని గూర్చి వ్రాసేటప్పుడు ఇప్పచెట్టును, బోడా పుట్టగొడుగును, బట్టలారవేసిన తల్లిని వదిలి, నీటిని మాత్రం తెస్తే, అది అనువాదం కాదు. అది పట్టి అమ్మడం.

సాయంత్రం తిరిగి వస్తూ నేను పెద్దాయనను సూటిగా అడిగాను. ఈ ప్రశ్నను ఇన్నేండ్లు నాలో నేను త్రిప్పుకొన్నాను గాని, అడుగవలసినవారిని అడుగవలెనని తోచలేదు. "దాదా, ఈ జలపాతాన్ని గూర్చి నేను వ్రాయవచ్చునా?"

ఆయన చాలాదూరం మాట్లాడకుండా నడిచాడు. తరువాత అన్నాడు: "వ్రాయి బాబూ. వ్రాస్తే నీళ్ళు తగ్గవు. దారి మాత్రం వ్రాయకు. దారి చూపడం మా పని. వచ్చేవాడు మా ఇంటి ముందునుంచి పోవాలి. మా ఇంట మంచినీళ్ళు త్రాగి పోవాలి. నీళ్ళు త్రాగినవాడు సీసా పగులగొట్టడు."

నేను ఆయనకు ఆ పిల్లవాని సంగతి చెప్పి ఉండలేదు. సీసా మాట ఆయన తనంతట తానే అన్నాడు. బహుశః ప్రతి జలపాతం దగ్గరా అట్టి పిల్లవాడొకడు ఉన్నాడు.

"పేరు?" అన్నాను. "ఈ రోజులలో పేరు చెబితే చాలు, ఫోను దారి చూపుతుంది." ఆయన నవ్వాడు. ఆయన మనుమనికి కూడా ఫోను ఉన్నది. "అయితే పేరు కూడా మా ఊళ్ళోనే చెబుతాం" అన్నాడు.

కనుక నేను ఇక్కడ ఆ పేరు వ్రాయలేదు. దీనిని పిసినిగొట్టుతనమని అనుకొనవద్దని పాఠకులకు మనవి. రాయపూరులో ఒక మిత్రుడు అట్లే అనుకొన్నాడు. "ముప్పై ఏండ్లు అందరికీ అన్నీ పంచినవాడివి, ముసలితనంలో దాచడం నేర్చావా?" అని నొచ్చుకొన్నాడు. నేను దాచలేదు. ఆ పేరు నా దగ్గర ఉన్నదే గాని నాది కాదు. జగదల్పూరు వెళ్ళి, లోయ అంచు పల్లెలలో అడుగుమని చెప్పాను. అడిగినవానికి ఆ తలుపు మూసి ఉండదు. అడుగకుండా చేరాలనుకొనేవానికే అది మూసి ఉంటుంది.

నా ఈ సమాధానంలో లోపాలు లేవని అనను. ఆ పెద్దాయన అభిప్రాయమే ఆ పల్లెలో అందరి అభిప్రాయమా? ఆయన మనుమడు ఎక్కువమంది రావాలని, నాలుగు రూకలు చేతబడాలని కోరవచ్చు. ఆ కోరికను తప్పుపట్టడానికి రాయపూరులో పంకా క్రింద కూర్చున్న నేనెవరిని? ఆ లోయలోనే ధుడ్‌మారాస్ అనే పల్లెవారు అతిథులకు తమ ఇండ్లలోనే బస ఇచ్చి, కాంగేర్ నదిలో వెదురు తెప్పల మీద త్రిప్పుతున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన గ్రామాభివృద్ధి కార్యక్రమానికి ప్రపంచమంతట ఎన్నుకొన్న 20 పల్లెలలో అది ఒకటి. 2025లో కాంగేర్ లోయ యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరింది. లోకం వస్తుంది. నా మౌనం ఒక్కటీ దానిని ఆపలేదు, ఆపవలసిన అవసరమూ లేదు.

నిర్ణయించవలసింది లోకం రావాలా వద్దా అని కాదు, తలుపు తీసే చేయి ఎవరిది అని. 2006నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం ఆ ఉద్యానవనంలోని గుడియాపదర్ అనే పల్లెకు 2022లో సామూహిక అటవీ వనరుల హక్కు గుర్తింపబడింది. జాతీయోద్యానవనం లోపల అట్టి గుర్తింపు మన దేశంలో చాలా అరుదు. 1905లో కాగితం మీద 'నిర్జనం' అని వ్రాసిన చోట, నూట పదిహేడేండ్ల తరువాత, మరొక కాగితం మీద "వీరున్నారు" అని వ్రాయబడింది. ఇది చిన్న విషయం కాదు. తలుపు తీయాలో, ఎంత తీయాలో, ఏ ఋతువులో మూయాలో నిర్ణయించే చేయి అక్కడివారిదైనప్పుడు, చెప్పడం దోషం కాదు. ఆ చేయి అక్కడివారిది కానప్పుడు, చెప్పడమే కాదు, దాచడం కూడా దోషమే. ఎందుకనగా రెండూ వారు లేరన్నట్లే చేసే పనులు.

ఇప్పటికీ అనువాదంలో 'నిర్జన' అన్న మాట తగిలితే కలం ఆపుతాను. ఆ కథ జరిగిన చోట నిజంగా ఎవ్వరూ లేరా, లేక రచయితకు కనబడలేదా అని విచారిస్తాను. ఒకొక్కసారి ఆ మాటనే ఉంచుతాను, ఎందుకంటే రచయిత చూపును మార్చే అధికారం అనువాదకునికి లేదు. కాని ఉంచేటప్పుడు నాకు ఆ నల్లని రాయి, దాని ముందు చెప్పులు విడిచి కూర్చున్న పెద్దాయన గుర్తుకు వస్తారు. మనం ఒక చోటుకు పోయి ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉన్నదని అనుకొన్నప్పుడు, ఆ ప్రశాంతిని మనకంటె ముందునుండి కాపాడుతున్నవారు ఎవరో ఉంటారు. వారిని కనుగొని, వారి ఇంట మంచినీళ్ళు త్రాగి, తరువాత ఆ నీటి దగ్గరకు పోవడం మన ధర్మం.